సంగీతవాహికలు: చేబ్రోలు శాసనము మొదలు కారు స్టీరియో వరకు

గుంటూరునుండి పొన్నూరు మీదుగా బాపట్లకు పోవు మార్గమున నున్న చేబ్రోలు చరిత్రాభ్యాసకులకు క్రొత్త గ్రామము కాదు. సంస్కృత శాసనములలో తామ్రపురి యని పిలువబడిన ఈ యూర 2019వ సంవత్సరమున వెలుగులోనికి వచ్చిన శాసనమొకటి శాతవాహన విజయుని యైదవ రాజ్యవర్షమునకు, అనగా క్రీ. శ. 207 ప్రాంతమునకు చెందినది. తేదీ తెలియుచున్న దక్షిణదేశ సంస్కృత శాసనములలో ఇదియే ప్రాచీనతమమని శాసనజ్ఞులు నిర్ణయించిరి. అటుపిమ్మట వేయేండ్లకు, 1213లో, కాకతి గణపతిదేవుని గజసాహిణియైన జాయపసేనాని ఇచ్చటనే తన తండ్రి పేర చోడేశ్వరాలయమును కట్టించి శాసనము వ్రాయించెను. ఈ జాయపయే 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించినవాడు.

జాయప నృత్తరత్నావళితో బాటు గీతరత్నావళి, వాద్యరత్నావళి యను మరి రెండు గ్రంథములు కూడ రచించెనని ప్రసిద్ధి. వానిలో నేడు మనకు దక్కినది నృత్తరత్నావళి యొక్కటే. తంజావూరు సరస్వతీ మహలునందలి వ్రాతప్రతి యాధారముగా డాక్టరు వే. రాఘవన్ గారు దానిని పరిష్కరింపగా 1965లో మద్రాసున ముద్రితమైనది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి తెలుగు అనువాదము 1969లో వెలువడినది. ఎనిమిది అధ్యాయములలో మొదటి నాలుగు మార్గనృత్తమును, తక్కిన నాలుగు దేశినృత్తమును తెలుపును. పేరణియు, కోలాటమునకు మాతృకయైన దండరాసకమును అందు వర్ణితములు. నర్తకుల పాదములు పదిలముగా నున్నవి. ఆ పాదములు ఏ పాటకు, ఏ వాద్యమునకు కదలెనో తెలుపవలసిన రెండు గ్రంథములును లేవు.

ఈ నష్టమునకు కారణము వెదకుట కష్టము కాదు. పాటపై ప్రజలకు ప్రీతి తగ్గినందున గీతరత్నావళి పోయినదని ఎవరును అనజాలరు. తాటియాకు రెండు మూడు వందల యేండ్లకు జీర్ణించును. ఆ లోపల ఎవడో యొకడు కూర్చుండి దానిని క్రొత్త యాకులపైకి ఎత్తి వ్రాయవలెను. వ్రాసినది మిగులును, వ్రాయనిది పోవును. కావున సంగీతచరిత్రయందు వాగ్గేయకారునకును గాయకునకును ఇచ్చు స్థానములో కొంత భాగమును ప్రతి వ్రాసిన లేఖకునకు కూడ ఈయవలసి యున్నది. మన సంగీత చరిత్రలు ఈ పని చేయలేదు. సంగీతమును మోయు వస్తువును ఈ వ్యాసమున ‘వాహిక’ అనుచున్నాను. ఒక వాహికనుండి మరియొక దానికి పాటను మార్చునపుడు ఏమి నిలిచినది, ఏమి జారినది యను ప్రశ్నయే ఇచ్చట విచారణీయము. తాళపత్రముల విషయమున ఈ ప్రశ్న అందరికిని తెలిసినదే. ఇరువదియొకటవ శతాబ్దపు తొలి దశకములలో సి. డి. పళ్ళెములనుండి కారు స్టీరియోలోని హార్డు డిస్కునకు పాటలను ఎక్కించుకొనిన వాడుక విషయమున మాత్రము మన విభాగములలో ఎవరును దీనిని వేసికొన్నట్లు కానరాదు. అది వినోదవస్తువు, పరిశోధనార్హము కాదని యెవరైన ననవచ్చును. గ్రామఫోను పలకను గూర్చియు ఒకప్పుడు పండితులు అట్లే అనిరి.

తాళపత్రమునకు భిన్నమైన గతి రాగిరేకునకు పట్టినది. తాళ్ళపాకవారి సంకీర్తనములు రేకులపై చెక్కబడి తిరుమల సంకీర్తన భాండారమున చిరకాలము పడియుండి, 1922 ప్రాంతమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కృషివలన బయటపడెను. లోహము గనుక అక్షరము చెడలేదు. ప్రతి పాటకును రాగము పేరు కలదు. స్వరము మాత్రము లేదు. చెక్కించినవారు ఆ కాలమున పాటను ఎరిగినవారే గనుక రాగము పేరు చూడగనే వరుస స్ఫురించునని తలంచి యుందురు. నాలుగువందల యేండ్ల తరువాత ఆ వరుస నెరిగినవాడు లేకపోగా, రాళ్ళపల్లివారు మొదలైన విద్వాంసులు క్రొత్తగా వరుసలు కట్టవలసి వచ్చినది. నృత్తరత్నావళిని తెలిగించినవారును, అన్నమయ్య పాటలకు వరుసలు కూర్చినవారును ఒక్కరే యగుట యాదృచ్ఛికమే కావచ్చును. ఈ రెండును వాహిక విడిచిన ఖాళీలలో పనిచేసిన కృషియే.

ఇక ధ్వనినే మోయగల వాహికలు. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్బర్గ్ అను నాతడు కలకత్తాలో హిందూదేశమునందలి తొలి గ్రామఫోను రికార్డులను తీసెను. 1908లో కలకత్తాలోనే కర్మాగారము ఏర్పడువరకు ఇచ్చట తీసిన మూలముద్రలను జర్మనీలోని హానోవరుకు పంపి పలకలు ఒత్తించెడివారు. అచ్చటి పనివారికి మన భాషలు రావు. ఏ పలకపై ఎవరి పేరు అంటింపవలెనో తెలియుటకై గాయకులు పాట చివర తమ పేరును ఇంగ్లీషున తామే చెప్పెడివారు. గౌహర్ జాన్ రికార్డుల చివర వినవచ్చు ఆ నామోచ్చారణము నేటికిని ప్రసిద్ధము. దీనిని విని నవ్వుకొనువారు కలరు గాని, ఆలోచించినచో ఇది మన పదకర్తల ముద్రకు సోదరి. క్షేత్రయ్య మువ్వగోపాలుని, త్యాగయ్య తన పేరును పాటలోనే నిలిపిరి. పాట ఏ నోట పడినను, ఏ యాకుపై ఎక్కినను కర్తృత్వము దానితోడనే ప్రయాణము చేయును. అంటించిన కాగితము ఊడిపోవచ్చును, పాటలోని పేరు ఊడదు. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొందురుగాక. ముందు దీనితో పనియున్నది.

చేబ్రోలు మండలములోని సుద్దపల్లి గ్రామమున 1901లో జన్మించిన కల్యాణం రఘురామయ్యగారు ఈ గ్రామఫోను యుగమునకు చెందినవారు. ఆంధ్రదేశమునకు ఆయన ఈలపాట రఘురామయ్య. నాలుక క్రింద వ్రేలుంచి పద్యమును రాగయుక్తముగా ఈలవేయుట ఆయనకే చెల్లినది. కృష్ణపాత్రధారిగా రంగస్థలమునను, 1933 నాటి పృథ్వీపుత్ర మొదలుకొని చలనచిత్రములందును ప్రసిద్ధి గాంచి, 1973లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారమును పొంది, 1975లో స్వర్గస్థులైరి. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా, ఈయన కృష్ణుడుగా ఒకే రంగముపై నిలిచిన రాత్రులను గూర్చి తెనాలి ప్రాంతపు పెద్దలు తరములతరబడి చెప్పుకొనిరి.

నాటకశాలలో ఒక పద్యమునకు కాలనియమము లేదు. సభవారు ‘వన్స్ మోర్’ అనిన కొలదియు గాయకుడు పాడెడివాడు. ఒక్కొక్క పాదమునకు ముందు ఆలాపన చేయుచు, హార్మనీ వాయించువానికి ఎడమిచ్చుచు, ఒక పద్యమును పావుగంట సాగదీయుట వింత కాదు. పదియంగుళముల గ్రామఫోను పలక ఒక ప్రక్కన పట్టునది సుమారు మూడు నిమిషములు. ఈ రెంటికిని నడుమ గల యంతరమే మన పద్యగానచరిత్రలో పెద్ద మలుపు. రాగాలాపన సూక్ష్మమైనది, పాదములకు నడుమ విరామములు తగ్గినవి, ముగింపు ముందే నిర్ణయింపబడినది. పలకను విని పద్యము నేర్చిన తరువాతి నటులు ఆ మూడు నిమిషముల పద్ధతినే ప్రమాణముగా గ్రహించిరి. వాహిక తనకు పట్టినంత పాటను మోయుటతో ఆగలేదు. పాటనే తన కొలతకు కత్తిరించినది.

వేగమును గూర్చి ఒక మాట. డెబ్బదియెనిమిది చుట్ల పలకలని మనము అందుము గాని, తొలినాటి రికార్డులన్నియు నిమిషమునకు సరిగా 78 చుట్లతో తీసినవి కావు. కొన్ని తక్కువ వేగమున, కొన్ని ఎక్కువ వేగమున తీయబడినవి. నూటికి ఆరువంతులు వేగము పెరిగినచో శ్రుతి ఒక అరస్వరము, అనగా షడ్జమునుండి శుద్ధరిషభమునకు గల దూరమంత, హెచ్చును. 74 చుట్లతో తీసిన దానిని 78తో త్రిప్పి టేపునకు ఎక్కించినవాడు గాయకుని శ్రుతిని దాదాపు ఒక కట్ట పైకి జరపినవాడగును. రాగము చెడదు, స్వరాంతరములు చెడవు. కాని గాత్రము పలుచనగును, నడక త్వరపడును. అటుపిమ్మట ఆ టేపునుండి క్యాసెట్టునకు, క్యాసెట్టునుండి సి. డి.కి, సి. డి.నుండి హార్డు డిస్కునకు ఎన్ని మారులు మార్చినను ఆ తొలి దోషము అట్లే వచ్చును. ఫలానా గాయకుని శ్రుతి యింత యని కారులో వినిన పాటనుబట్టి వ్రాయు పరిశోధకుడు ఎవని శ్రుతిని కొలచుచున్నాడో విచారించుకొనవలెను.

ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. రేడియోను గూర్చి ఇచ్చట విస్తరింపను. అది వేరొక వ్యాసమునకు విషయము. 1963లో ఫిలిప్స్ వారు వెలువరించిన క్యాసెట్టు 1970వ దశకము చివరినుండి మన పల్లెలకు చేరినది. దానితో పాట మార్చుకొనుట మొదటిసారి సామాన్యుని చేతికి వచ్చినది. తెనాలి, గుంటూరు, రేపల్లె వంటి పట్టణములలోని అంగళ్ళకు శ్రోత కాగితముపై తనకు కావలసిన పాటల పట్టిక వ్రాసికొని పోయెడివాడు. అంగడివాడు ఖాళీ క్యాసెట్టుపై, అరువది నిమిషములదో తొంబది నిమిషములదో, ఆ పట్టిక ప్రకారము ఎక్కించి యిచ్చెడివాడు. పద్యములును, బుర్రకథలును, హరికథలును, సినిమా పాటలును ఒకే రేకుపై కలిసినవి. పెట్టెమీది అట్టపై బాల్ పెన్నుతో పాట మొదటి రెండు మాటలు వ్రాయుట ఆచారము. పాడినవాని పేరు కొన్ని చోట్ల. రచయిత పేరు అరుదు. హార్మనీ వాయించినవాని పేరు, రికార్డు సంఖ్య, తీసిన సంవత్సరము మిక్కిలి అరుదు. గ్రామఫోను పలకమీది గుండ్రని కాగితముపై అచ్చైయున్న సంఖ్య, నాటకము పేరు, పాత్ర పేరు ఇచ్చటనే జారినవి. ఆ అంగడివాడు మన కాలపు లేఖకుడు. లేఖకునివలెనే అతడును తనకు కావలసినదియే వ్రాసెను.

సి. డి. 1982 అక్టోబరులో జపానున వెలువడినది. దానిని గూర్చి కొన్ని లెక్కలు అవసరము. ధ్వనిని సెకనునకు 44,100 మారులు కొలచి, ప్రతి కొలతను 16 బిట్ల సంఖ్యగా, కుడి యెడమలకు వేరువేరుగా వ్రాసిన పట్టికయే సి. డి. సెకనునకు 1,76,400 బైట్లు; 74 నిమిషముల పళ్ళెమునకు సుమారు 780 మెగాబైట్లు. పాత రికార్డు ఒక ప్రక్కలోని మూడు నిమిషములు సుమారు 32 మెగాబైట్లు. పళ్ళెముపైనున్నవి సంఖ్యలే గనుక, సరిగా చదివినచో ప్రతి మూలమునకు సమానమగును. తాటియాకును ఎత్తి వ్రాసినపుడు లేఖకదోషము తప్పదు, క్యాసెట్టును క్యాసెట్టునకు ఎక్కించినపుడు బుసబుస పెరుగును. చరిత్రలో మొదటిసారి, మార్పువలన నష్టము లేని వాహిక సామాన్యుని ఇంటికి వచ్చినది. ఈ విశేషమును తక్కువ చేయరాదు.

ఘంటసాలవారి భగవద్గీత ఈ వాహికలన్నింటిని దాటి వచ్చినది. 1974లో ఆయన దివంగతులైన పిమ్మట ఎల్. పి. పలకగా ఊరూర వినబడి, క్యాసెట్టై, సి. డి.యై, నేడు చరవాణిలో నున్నది. ఎల్. పి. వినునపుడు ఒక ప్రక్క ముగియగనే లేచి త్రిప్పవలెను. ఆ విరామము శ్లోకార్థమును మననము చేయుటకు పనికివచ్చెడిదని చెప్పు వృద్ధులు కలరు. దీనితో నేను పూర్తిగా ఏకీభవింపజాలను గాని, విరామము పోయినదన్నది నిజము.

ఇక కారు. నడచుచున్న బండిలో తనకు కావలసిన పాటను తాను వినవలెనను కోరిక క్రొత్తది కాదు. అమెరికాలో క్రైస్లర్ సంస్థవారు 1956 నమూనా కార్లలో నిమిషమునకు పదునారు మీద మూడింట రెండు వంతుల చుట్లు మాత్రమే తిరుగు చిన్న పలకల యంత్రము నమర్చిరి. గతుకులకు ముల్లు జారుటవలన అది నిలువలేదు. 1960వ దశకము నడుమ ఎనిమిది దారుల టేపు, పిమ్మట క్యాసెట్టు, 1984లో పయొనీర్ వారి కారు సి. డి. యంత్రము వరుసగా వచ్చినవి. 1999లో ఇంగ్లండున ఎంపెగ్ అను చిన్న సంస్థ కారులో నమర్చు హార్డు డిస్కు యంత్రమును అమ్మినది. దానిలోనికి పాటలను ఇంటి కంప్యూటరునుండి ఎక్కింపవలెను. 2001లో పయొనీర్ వారు జపానున దారి చూపు యంత్రములో హార్డు డిస్కు నమర్చి, కారులో పెట్టిన సి. డి.నుండి నేరుగా పాటను దానిపైకి ఎత్తుకొను ఏర్పాటు చేసిరి. మన విషయము ప్రధానముగా ఈ రెండవ తెగ. క్రైస్లర్ వారు కూడ ఏబదియేండ్ల తరువాత, 2007 నమూనా కార్లలో, 20 గిగాబైట్ల హార్డు డిస్కు గల మైగిగ్ అను యంత్రమును తెచ్చిరి. మొదట ముల్లుతో పోయిన పరువును ఆ సంస్థ డిస్కుతో దక్కించుకొన్నదని చమత్కరింపవచ్చును.

పని జరుగు తీరు ఇది. సి. డి.ని నోటిలో పెట్టినంతనే యంత్రము దానిని వినిపించుచు, వెంటనే గాని యజమాని మీట నొక్కినపుడు గాని, డిస్కుపైకి ఎత్తుకొనును. 780 మెగాబైట్లను ఉన్నవి ఉన్నట్లు దాచిన పదిగిగాబైట్ల డిస్కులో పన్నెండు పదమూడు పళ్ళెములే పట్టును. అందుచే ఎం. పి. త్రీ వంటి పద్ధతితో ధ్వనిని కుదించును. సెకనునకు 128 కిలోబిట్లుగా కుదించినచో 74 నిమిషములు 71 మెగాబైట్లగును. అదే డిస్కులో నూటనలుబది పళ్ళెములు పట్టును. కుదించుట యనగా ఒక పెద్ద ధ్వని నీడలో మన చెవికి అందవని శాస్త్రజ్ఞులు నిర్ణయించిన చిన్న ధ్వనులను వదలివేయుట. తాన్పురా తీగల మీటు వెనుక మ్రోగు సూక్ష్మస్వరములు, ఈలపాటలో గాలి యొరయు చప్పుడు వంటివి ఈ కుదింపులో మొదట చిక్కునట్టివి. కదలుచున్న కారులో, చక్రముల హోరులో, ఈ నష్టము తెలియదు. నడచు కారుకు అది తగిన బేరమే. ఆ కుదించిన ప్రతియే ఇంటిలో మిగిలిన యేకైక ప్రతి యైనపుడు అది బేరము కాదు.

అంతకంటె పెద్ద విషయము పేర్లది. సాధారణముగా సి. డి.పై పాటల పేర్లు ఉండవు. సంగీతమును, ఏ పాట ఎచ్చట మొదలగునను పట్టికయు మాత్రమే ఉండును. యంత్రము ఆ పట్టికలోని కాలములనుబట్టి ఒక గుర్తును లెక్కించి, తన డిస్కులో ముందే దాచియుంచిన జాబితాలో ఆ గుర్తును వెదకును. దొరకినచో అందలి పేర్లను తెరపై చూపును. 1993 ప్రాంతమున ఔత్సాహికులు మొదలిడిన ఇట్టి జాబితా పిమ్మట గ్రేస్‌నోట్ అను వ్యాపారసంస్థ యైనది. పేర్లు తొలుత చేర్చినవారు శ్రోతలే. తెలుగు పళ్ళెములకు ఆ పేర్లు రోమను లిపిలో, ఎవరికి తోచిన వర్ణక్రమమున వారు చేర్చినవి. దీర్ఘమునకు హ్రస్వమునకు, ళకారమునకు లకారమునకు భేదము లేదు. ఒకే గాయకుడు మూడు వర్ణక్రమములతో ముగ్గురు గాయకులుగా నిలుచుటయు కలదు. జాబితాలో దొరకని పళ్ళెమునకు ‘ట్రాక్ 1’, ‘ట్రాక్ 2’ అను సంఖ్యలే పేర్లు. ఇంటిలో తయారుచేసికొన్న సి. డి.లు, అనగా పాత క్యాసెట్టులనుండి ఎక్కించుకొన్నవి, దాదాపుగా అన్నియు ఈ గతికే చేరును. రెండు పళ్ళెముల కాలపట్టికలు దైవికముగా కలిసినపుడు మన పద్యములకు ఏ విదేశగాయకుని పేరో పడుట కూడ ఒక్కొక్కప్పుడు జరుగును.

తెనాలి ప్రాంతమునుండి అమెరికాకు వలసపోయిన ఒక కుటుంబమువారి కారులో నేను ఇట్టి యంత్రమును వినియున్నాను. తండ్రిగారు ఊరినుండి పోవునపుడు తీసికొనిపోయిన నాటకపద్యముల సి. డి.లను కుమారుడు శ్రద్ధతో దానిలోనికి ఎత్తియుంచినాడు. పద్యములు వినబడుచున్నవి, తెరపై సంఖ్యలే కలవు. ‘ఇది ఎవరు పాడినది బాబూ?’ అనిన, ‘నాన్నగారికి తెలుసునండి, వారు ఉన్నపుడు చెప్పెడివారు’ అని సమాధానము. సి. డి. పెట్టెలో అచ్చైన చిన్న పుస్తకములో గాయకుని పేరు, నాటకము పేరు ఉండియుండును. కారులోనికి ఎత్తుకొన్న పిమ్మట పెట్టెలతో పనిలేదని వాటిని వదలివేసిరి. నూట ఇరువది యేండ్ల క్రిందట పాట చివర తన పేరు తానే చెప్పిన గాయని, ఈ కుమారునికంటె దూరము చూచినది.

క్రమమును గూర్చియు ఇట్లే. కొన్ని యంత్రములు పాటలను పళ్ళెముపైనున్న వరుసలో గాక పేర్ల అక్షరక్రమమున చూపును. రాయబారమునకు ముందే యుద్ధము వచ్చును. ఇది నవ్వులాటగా కనబడినను, రాగము తానము పల్లవి మూడును ఎడతెగక పాడిన కచేరీలో నష్టము స్పష్టము. సి. డి.పై వానికి నడుమ గుర్తులే యున్నవి గాని నిశ్శబ్దము లేదు. కుదించునపుడు ప్రతి భాగము చివర కొంత ఖాళీ చేరుటచే, పల్లవి యెత్తుకొను చోట తాన్పురా తెగి మరల మొదలగును. శ్రుతి తెగుట యెంత బాధాకరమో విద్యార్థులకు చెప్ప నక్కరలేదు.

తుదకు, లోనికి పోయిన పాట వెలుపలికి రాదు. గ్రంథచౌర్యభయముచే అనేక యంత్రములలో డిస్కునుండి పాటను మరల ఇంకొక దానిపైకి ఎక్కించు వీలు లేకుండ చేసిరి. డిస్కు చెడినపుడు, లేక కారు అమ్మినపుడు, పాటలు దానితోడనే పోవును. తాళపత్రమును ఎలుకలు తినినను ప్రతి యెవరైన వ్రాసికొని యుండవచ్చును. ఇచ్చట ప్రతి వ్రాయుటయే నిషిద్ధము. 2010వ దశకమున యు. ఎస్. బి. పుల్లయు, చరవాణియు వచ్చి ఈ తెగ యంత్రములకు కాలము చెల్లినది. క్రొత్త కార్లలో సి. డి. పెట్టు నోరే లేకుండుట సామాన్యమైనది. మన దేశమున ఈ హార్డు డిస్కు కార్లు బహు కొద్దిగా వచ్చినవి. ఇచ్చట క్యాసెట్టు అంగడివాని స్థానమును పెన్ డ్రైవు నింపి యిచ్చు అంగడివాడు ఆక్రమించెను. వందలకొలది పాటలు, సంఖ్యలే పేర్లు. కనుక పై దోషములు ఒక్క విదేశపు కారువి మాత్రమే యని తలపరాదు.

న్యాయశాస్త్రము ఈ విషయమున పరిశోధకునకు ప్రతికూలము కాదు. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టమునకు 2012లో చేసిన సవరణ, స్వంత వినియోగమునకును పరిశోధనకును న్యాయముగా చేయు ప్రతిని, కంప్యూటరు ప్రోగ్రాములకు తప్ప, అన్ని కృతులకును అనుమతించినది. రికార్డునకు ప్రచురణమైన మరుసటి సంవత్సరము మొదలు అరువది యేండ్లే రక్షణ. 1960కి పూర్వము వెలువడిన పద్యముల రికార్డులన్నియు ఈ గడువు దాటినవి. పద్యరచనకు వేరే గడువు కలదు: రచయిత మరణానంతరము అరువది యేండ్లు. తిరుపతి వేంకట కవులలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు 1950లో పరమపదించిరి గనుక వారి పాండవనాటకముల పద్యములు 2010 తుదినాటికి సర్వజన సొత్తైనవి. రఘురామయ్యగారి తరము రికార్డులలో పెక్కింటికి చట్టపు అడ్డంకి తొలగినది. మిగిలిన అడ్డంకి పలక, పెట్టె, పేరు దొరకుటయే.

హార్డు డిస్కు చేసిన మేలును విస్మరింపరాదు. ముల్లు ఒరసి పలక అరగినట్లు వినుటవలన అది అరగదు. ఒకే పద్యమును నలుగురు నటులు పాడిన రికార్డులను వెంటవెంట వినుట గ్రామఫోను కాలమున పలకలు మార్చుచు శ్రమపడవలసిన పని. ఇపుడు మీట నొక్కిన చాలును. మోహన రాగ పద్యమునకు స్థానంవారి బాణికిని, రఘురామయ్యగారి బాణికిని గల భేదమును తరగతిలో పది నిమిషములలో వినిపింపవచ్చును. కాని వినిపించునపుడు ఏది ఎవరిదో చెప్పగలిగి యుండవలెను.

ఈ సందర్భమున పరిశోధక విద్యార్థులకు నాకు తోచిన పద్ధతి చెప్పుచున్నాను. పళ్ళెమును ఎత్తునపుడు కుదింపని ప్రతి నొకదానిని వేరుగా ఉంచవలెను. కారునకు, చరవాణికి కుదించినది చాలును. పెట్టెలోని పుస్తకమును ప్రతి పుటయు ఛాయాచిత్రము తీసి పాటలతోడనే దాచవలెను. మూలము గ్రామఫోను పలక యైనచో పలక సంఖ్యను, త్రిప్పిన వేగమును వ్రాయవలెను. పేర్లను తెలుగులిపిలో వ్రాయవలెను. యంత్రము ఆ లిపిని చూపలేనిచో ప్రక్కన రోమనులో మరియొకమారు వ్రాయవచ్చును. పాడినవారి పేరు, పాత్ర, నాటకము, రచయిత, హార్మనీ, తబలా, తెలిసినంతవరకు అన్నియు. ఎవరు చెప్పగా తెలిసినదో వారి పేరును, చెప్పిన తేదీని కూడ. తాళపత్రముల చివర ఫలానా సంవత్సరమున, ఫలానా తిథిని, ఫలానావాడు వ్రాసెనని లేఖకుడు చేర్చు గద్యను మనము కాలనిర్ణయమునకు ఎంతగా వాడుకొనుచున్నామో ఈ విభాగమున అందరికిని తెలిసినదే. హార్డు డిస్కులోని పాటకు అట్టి గద్య లేదు.

సుద్దపల్లి, చేబ్రోలు, వేజండ్ల, నారాకోడూరు గ్రామములలో పాత నాటకసమాజములతో సంబంధమున్న కుటుంబములు నేటికిని కలవు. వారి యిండ్ల అటకలపై పలకలు, క్యాసెట్టులు, సి. డి.లు ఒకదాని క్రింద నొకటి కలిసి యున్నవి. ఏ పద్యము ఎవరిదో పెట్టె చూడకయే చెప్పగల పెద్దలు కొందరు ఇంకను వినగలుగుచున్నారు.